చాటుగా తీసింది కళ కాదు

ముందే చెప్పేస్తాను. మార్కెట్లో ఆకుకూరలమ్ముకునే మనిషిని ఆమెకు తెలియకుండా, రోడ్డుకి అవతల ఆగి ఉన్న ఆటో వెనక నక్కి, మూరెడు పొడుగు లెన్సుతో ఫోటో తీయడం కళ కాదు, పిరికితనం. ఆ పిరికితనానికి క్యాండిడ్ అనీ, స్ట్రీట్ ఫోటోగ్రఫీ అనీ పేర్లు పెట్టి, పోటీలకు పంపి, పతకాలు మెడలో వేసుకుంటున్నారు. ఆ ఫోటోలో ఉన్న మనిషికి మాత్రం తన ముఖం ఏ గోడకెక్కిందో, ఏ ఊళ్లో ప్రదర్శనకి వెళ్లిందో చచ్చేదాకా తెలియదు. ఇది అన్యాయం. దీన్ని అన్యాయమని గట్టిగా అనేవాళ్లు లేకపోవడం ఇంకా పెద్ద అన్యాయం.

ఏ ఆదివారమైనా తెల్లారగానే సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కో, గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కో వెళ్లండి. ఫోటోవాక్ పేరుతో పదిమందీ పదిహేనుమందీ ఒకేలాంటి బ్యాగులతో దిగుతారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి అక్కడ పెద్దలు చెప్పే పాఠం వినండి. కనబడొద్దు. దూరం నుంచి కొట్టు. ఫోన్ మాట్లాడుతున్నట్టు నటించు. కెమెరా పొట్ట దగ్గర పెట్టుకుని, చూపు ఎటో పెట్టి నొక్కెయ్. ఎవరైనా చూస్తే వెనకాల గోడని తీస్తున్నట్టు తిప్పెయ్. ఈ పాఠంలో వెలుతురు గురించి ఒక్క ముక్క లేదు. ఎదుటి మనిషి గురించి ఒక్క ముక్క లేదు. ఉన్నదంతా దొరక్కుండా బయటపడటం గురించే.

ఆ పాఠం ఎవరి మీద ఎలా పడుతుందో మోండాలో దగ్గర్నుంచి చూశాను. తడి గోనెపట్టా మీద గోంగూర, తోటకూర, చుక్కకూర కట్టలు పేర్చుకుని, డబ్బాలో నీళ్లు చేత్తో చిలకరిస్తూ ఒకామె కూర్చుంది. వయసు అరవై దాటి ఉంటుంది. ఎదురు పక్కనుంచి ఒక పొడుగు లెన్సు తనవైపు తిరగడం చూసింది. నీళ్లు చల్లే చెయ్యి ఆగిపోయింది. కొంగు ముఖం మీదికి లాక్కుని పక్కకి తిరిగింది. లెన్సు మాత్రం దిగలేదు. కొంగు చాటు ముఖాన్ని కూడా టకటకా వరసగా కొట్టింది. కట్టలు ఏరుతున్న ఒకావిడ ఇదేం గొడవరా అనుకుని లేచి వెళ్లిపోయింది. బేరం పోయింది. అప్పుడు ఆమె నావైపు తిరిగి అడిగిన మాట ఇది: "ఎవరు బిడ్డా వాళ్లు? మున్సిపాల్టోళ్లా? మల్ల లేపుతరా మమ్ముల?"

ఆ ఫోటోగ్రాఫర్‌కి ఆమెలో ముడతలు కనిపించాయి. ఆమెకి అతనిలో లారీ కనిపించింది. గంపలూ కాటాలూ ఎత్తుకుపోయే లారీ.

ఆ భయం ఊరికే రాలేదు. ఈ ఊళ్లో కెమెరా అంటే ఏమిటో సామాన్యుడికి బాగా తెలుసు. కూడలిలో కానిస్టేబుల్ చేతిలో కెమెరా క్లిక్‌మంటే ఇంటికి చలాన్ వస్తుంది. ఫుట్‌పాత్ మీద కూర్చున్నవాళ్లని ఎవరైనా ఫోటో తీస్తే, ఆక్రమణల తొలగింపు దాకా ఎక్కడికైనా దారితీయొచ్చు. 2021 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తని పాతబస్తీలో పోలీసులు ఆపి, మాస్కు తీయమని, వద్దన్నా ఫోటో తీసుకున్నారు. ఆ ఫోటో ఏం చేస్తారని ఆయన అడిగితే జవాబు లేదు. ముఖాల్ని గుర్తుపట్టే యంత్రాల వాడకాన్ని ప్రశ్నిస్తూ ఆయన వేసిన పిటిషన్ మీద 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. చదువుకుని, చట్టం తెలిసి, కోర్టుకెక్కగలిగిన మనిషి పరిస్థితే అది. ఇక గోనెపట్టా మీద కూర్చున్నామె పరిస్థితి ఏమిటి? వీధి వ్యాపారుల జీవనోపాధిని కాపాడటానికి 2014లో కేంద్రం ఒక చట్టమే చేసింది. సర్వే పూర్తయ్యేదాకా ఎవర్నీ లేపకూడదని అందులో రాసుంది. అయినా పొద్దున పరిచిన పట్టా సాయంత్రం దాకా అక్కడే ఉంటుందన్న ధీమా ఎంతమందికుంది? అలాంటి మనిషి మీదికి ఎవరో ఏమిటో చెప్పకుండా లెన్సు గురిపెట్టేవాడు, తన సరదా కోసం ఆమె గుండెలో రాయి వేస్తున్నాడు.

ఈ మాట అంటే మూడు వాదనలు తయారుగా ఉంటాయి. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది: బహిరంగ స్థలం కదా, ఎవరైనా ఎవర్నైనా తీసుకోవచ్చు. సరే, అదే కెమెరా మెడలో వేసుకుని ఏదైనా పెద్ద షాపింగ్ మాల్‌లోకి వెళ్లండి. రెండు క్లిక్కులు కాకముందే గార్డు వచ్చి ఆపుతాడు. గేటెడ్ కమ్యూనిటీలో ఉదయం నడకకి వచ్చిన ఆడవాళ్లని చెట్టుచాటునుంచి తీసి చూడండి. పోలీస్ స్టేషన్‌లో తేలతారు. ఆ సంగతి మీకు తెలుసు కాబట్టే అక్కడికి వెళ్లరు. మార్కెట్‌కి వస్తారు. ఎందుకంటే ఇక్కడ గార్డు లేడు, గేటు లేదు, కాదనడానికి నోరు పెగలని మనుషులున్నారు. డబ్బున్నవాడి ఏకాంతాన్ని గోడ కాపాడుతుంది. రోడ్డు మీద బతికేవాళ్లకి గోడ లేదు. వాళ్ల దుకాణం, వంటిల్లు, పిల్లాణ్ని పడుకోబెట్టే చోటు, మధ్యాహ్నం ఒక కునుకు తీసే చోటు, అన్నీ ఆ నాలుగడుగుల పట్టా మీదే. తలుపు లేని ఇంట్లోకి ఎవరైనా దూరొచ్చు. దూరకుండా బయట నిలబడి పిలిచేవాడే మనిషి.

ఈ సంగతి హైదరాబాదు ఫోటోగ్రఫీకి కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఫోటోగ్రాఫర్‌గా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ 1892లో ఇక్కడ ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. పరదా పాటించే స్త్రీలు పరాయి మగవాడి కంటపడకుండా ఫోటో దిగడానికి, తీసేవాళ్లు కూడా ఆడవాళ్లే ఉండేలా ఏర్పాటు చేశారు. తన ముఖాన్ని ఎవరు చూడాలో, ఎవరు తీయాలో చెప్పే హక్కు ఆ స్త్రీకుందని నూటముప్పై ఏళ్ల కిందటే ఈ నగరంలో ఒక ఫోటోగ్రాఫర్ ఒప్పుకున్నాడు. కానీ ఆ గౌరవం దేవిడీల్లో ఉండే స్త్రీలకే దక్కింది. గంపెత్తుకుని వచ్చే స్త్రీకి ఈనాటికీ దక్కలేదు. రంజాన్ రాత్రుల్లో లాడ్‌బజార్‌లో బుర్ఖా వేసుకుని గాజులు ఎంచుకునే అమ్మాయిల కళ్లని జూమ్ చేసి, కింద ఏదో షాయరీ తగిలించే కుర్రాళ్లు ఇది తెలుసుకోవాలి.

చట్టం సంగతి కూడా చెప్పుకుందాం. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యతని ప్రాథమిక హక్కుగా గుర్తించింది. మనిషి బహిరంగ స్థలంలో ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదని ఆ తీర్పులోనే ఉంది. ఇంకోవైపు మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం వీధిలో తీసిన ఫోటోకి మొదటి యజమాని తీసినవాడే. అందులో ఉన్న మనిషికి ఆ చట్టం కింద పైసా వాటా లేదు. బయటి దేశాల్లోనూ ఒకే మాట లేదు. న్యూయార్క్‌లో ఫిలిప్ లోర్కా డికోర్సియా అనే ఫోటోగ్రాఫర్ టైమ్స్ స్క్వేర్ దగ్గర దారినపోయేవాళ్లని వాళ్లకి తెలియకుండా ఫ్లాష్‌లైట్లు అమర్చి తీసి, ప్రింట్లు వేల డాలర్లకు అమ్మితే, అందులో ఉన్న ఒక పెద్దాయన తన మతాచారానికి విరుద్ధమని కేసు వేసి 2006లో ఓడిపోయాడు. కెనడాలో మాంట్రియల్ వీధిలో మెట్ల మీద కూర్చున్న పదిహేడేళ్ల అమ్మాయి ఫోటోని ఆమెనడగకుండా పత్రికలో వేస్తే, 1998లో ఆ దేశ సుప్రీంకోర్టు ఆమె పక్షాన నిలిచి, రెండువేల డాలర్ల నష్టపరిహారాన్ని ఖాయం చేసింది. చట్టం ఒక్కో చోట ఒక్కోలా ఉంది. మర్యాద ఎక్కడైనా ఒక్కటే. శిక్ష పడదు కాబట్టి చేస్తానన్నవాడితో కళ గురించి మాట్లాడటం దండగ.

రెండో వాదన: గొప్పగొప్పవాళ్లే చాటుగా తీశారు. వెంటనే ఆన్రీ కార్టియె బ్రెసో పేరు ఎత్తుతారు. ఆయన తన లైకా కెమెరా మెరుపు కనబడకుండా నల్లటేపు చుట్టుకున్న మాట నిజమే. మిగతా సగం ఎవరూ చెప్పరు. ఆయన జీవితమంతా ఎక్కువగా వాడింది 50 మిల్లీమీటర్ల లెన్సు. దానితో ఒక మనిషి ఫ్రేము నిండాలంటే దగ్గరికెళ్లి నిలబడాలి. ఆయన జనంలో కలిసి నిలబడ్డాడు, అవతలి ఫుట్‌పాత్ మీద నక్కలేదు. ఇక పేరుమోసిన ఫోటోల వెనక ఉన్న మనుషుల కథ కూడా వినాలి. 1936లో కాలిఫోర్నియా బఠాణీ కూలీల గుడారం దగ్గర డొరోథియా లాంగ్ తీసిన తల్లీపిల్లల ఫోటో ప్రపంచమంతా తిరిగింది. ఆ తల్లి ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్. ఆ పేరు లోకానికి తెలిసింది 1970ల చివర్లో, నలభై ఏళ్లు దాటాక. ఆ ఫోటో వల్ల తనకు ఒక్క పైసా రాలేదని ఆమె వాపోయింది. అదీ ఎదురుగా నిలబడి తీసిన ఫోటో. దాని కథే అలా ఉంటే, ఆటో వెనకనుంచి తీసినదాని గురించి చెప్పేదేముంది?

మూడో వాదన అన్నింటికంటే బలమైనదని అనుకుంటారు: చెప్పి తీస్తే సహజత్వం పోతుంది, అందరూ బిగుసుకుపోతారు. మార్కెట్లో గంటసేపు నిలబడని వాళ్లు చెప్పే మాట ఇది. మార్కెట్లో మీకోసం పోజు పెట్టి కూర్చునే తీరిక ఎవరికుంది? కెమెరా చూపించి అడగండి. మొదట కొంగు సర్దుకుని, వెన్ను నిటారు చేసి, సూటిగా చూస్తుంది. ఆ ఫోటో తీయండి, అది ఆమె ఇష్టపడి ఇచ్చిన ఫోటో. వెనక తెర మీద ఆమెకి చూపించండి. పక్కామెని పిలిచి చూపిస్తుంది. నవ్వుతారు. ఆ తర్వాత అక్కడే నిలబడండి. పది నిమిషాల్లో ఒక బేరం వస్తుంది. "కట్ట ఎంత?" అన్న మాట చెవిన పడగానే ఆమెకి మీరు మాయం. పొట్ట నింపేది కొనేవాళ్లు, మీరు కాదు. ఇక ఎంతసేపైనా తీసుకోండి. ఒక్కరు మీవైపు చూస్తే అడగండి. ఆ సహజత్వాన్ని దొంగిలించక్కర్లేదు. అక్కడ ఉన్నవాడికి అది దానంతటదే దొరుకుతుంది.

దొంగచాటు పద్ధతి నీతి తప్పిందని మాత్రమే కాదు నా కోపం. అది ఫోటోని కూడా చంపుతోంది. పొడుగు లెన్సు మార్కెట్లోంచి మార్కెట్‌ని తీసేస్తుంది. వెనకదంతా మసక, మధ్యలో ఒక ముఖం. ఏ ఊరు, ఏ కాలం, ఏం అమ్ముతోంది, ఎవరితో మాట్లాడుతోంది, ఏదీ ఉండదు. గుడిమల్కాపూర్‌లో పూలు కట్టే ఆమె చేతుల దగ్గర ఒక్కసారి కూర్చుని చూడండి. ఎడమచేతి వేళ్ల సందున నాలుగు మల్లెమొగ్గలు తలకిందులుగా, కుడిచేతిలో అరటినార, ఒక్క మెలిక, ముడి. కళ్లు చేతుల మీద ఉండవు. పక్కనామెతో కూతురి ఫీజు గురించి మాట్లాడుతూనే మూర పూర్తవుతుంది. కొనేవాళ్లు "నీ మూర చిన్నదమ్మా" అంటారు. ఆమె మోచేయి చాపి, వేలికొస దాకా మళ్లీ కొలిచి, కోపం చల్లార్చడానికి ఒక జానెడు కొసరు తెంపి ఇస్తుంది. మార్కెట్ అంటే ఆ జానెడు కొసరు. అమ్మే చెయ్యికీ కొనే చెయ్యికీ మధ్య ఉన్న ఆ కాస్త జాగాలో జరిగేదంతా మార్కెట్. రోడ్డుకి అవతలినుంచి అది కనబడదు, వినబడదు.

గుంటూరు మిర్చి యార్డు ఫోటోలు చూడండి. ఏటా వేసవిలో అవే ఎర్రటి కుప్పలు, వాటి మధ్య చిన్న చుక్కలా ఒక స్త్రీ. రంగు బాగుంటుంది కాబట్టి బహుమతి వస్తుంది. తాలుకాయలు ఏరే ఆ స్త్రీ ముక్కుకి గుడ్డ ఎందుకు కట్టుకుందో, సాయంత్రం ఇంటికెళ్లి పిల్లని ఎత్తుకునే ముందు చేతులు ఎన్నిసార్లు కడుక్కుంటుందో, టిక్కీలు మోసే హమాలీ దగ్గు ఎలా ఉంటుందో ఆ ఫోటోలో లేదు. అది తెలియాలంటే ఆ ఘాటులో పక్కన కూర్చోవాలి. ఘాటు దూరంగా ఉన్న లెన్సుకి అంటదు.

మరి ఎలా తీయాలి? ఇది రహస్యవిద్యేమీ కాదు. పొడుగు లెన్సు ఇంట్లో పెట్టి రండి. 28, లేదా 35 మిల్లీమీటర్ల లెన్సు చాలు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 28 లెన్సుని ఎఫ్ 8 దగ్గర పెట్టి, ఫోకస్‌ని రెండున్నర మీటర్లకి బిగిస్తే, ఇంచుమించు ఒకటిన్నర మీటర్ల నుంచి పది మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ఇక ఫోకస్ గురించి మర్చిపోయి మనుషుల్ని చూడొచ్చు. నీలం టార్పాలిన్ కింద కూర్చున్నవాళ్ల ముఖాల మీద నీలిరంగు పడుతుంది. కంప్యూటర్లో కడిగెయ్యక్కర్లేదు, పరదా అంచుకి ఒక్క అడుగు జరిగితే పగటి వెలుతురు దొరుకుతుంది. ఎల్‌ఈడీ బల్బుల కింద షట్టర్ మరీ వేగంగా పెడితే ఫోటోలో చారలు వస్తాయి, సెకనులో వందో వంతు దగ్గర ఉంచండి.

ఇవి యంత్రం సంగతులు. అసలు సంగతులు వేరే. బోణీ కాకముందు కెమెరా బయటికి తీయొద్దు. పొద్దుటి మొదటి బేరం మీద ఆమెకున్న నమ్మకం ముందు మీ బంగారు వెలుతురు ఎంత? ముందు ఏదైనా కొనండి, గీచిగీచి బేరమాడకండి. దారికి అడ్డం నిలబడకండి, తట్ట నెత్తినున్న మనిషికి మీరు కనబడరు. సంక్రాంతి, బతుకమ్మ రద్దీలో, తంగేడు గునుగు కుప్పల దగ్గర ఊళ్లనుంచి వచ్చినవాళ్లు ఆ రెండు రోజుల్లోనే నాలుగు రూపాయలు చూస్తారు. అప్పుడు వాళ్లని కదిలించొద్దు. కెమెరాని కంటికి ఆనించి, అందరికీ కనబడేలా తీయండి. క్షణం దాటిపోతుందనుకుంటే ముందు తీయండి, తప్పులేదు. వెంటనే కెమెరా దించి ఆమె కళ్లలోకి చూడండి. తల అడ్డంగా ఊపితే ఆమె ఎదుటే చెరిపెయ్యండి. పిల్లల్ని తల్లినడగకుండా తీయొద్దు. మరుసటి వారం ప్రింటు తీసుకెళ్లండి. ఒక పోస్ట్‌కార్డ్ సైజు ప్రింటుకయ్యే ఖర్చు మీ ఫోటోవాక్ టిఫిన్ ఖర్చుకంటే తక్కువ.

చాటుగా తీయాల్సిన సందర్భం లేదా? ఉంది. బలవంతుణ్ని తీసేటప్పుడు. గంపని కాలితో తన్నే అధికారిని, మామూలు వసూలుచేసే చేతిని, లాఠీని తీసేటప్పుడు దాక్కోండి. జూమ్ వాడండి, ప్రాణం కాపాడుకోండి. అక్కడ దాక్కోవడం సాహసం. మన ఫోటోవాక్‌ల తీరు సరిగ్గా తలకిందులుగా ఉంది. తట్టని తన్నే బూటు వచ్చినప్పుడు కెమెరాలు బ్యాగుల్లోకి వెళ్లిపోతాయి. తట్ట ఒంటరిగా దొరికినప్పుడు బయటికొస్తాయి.

చివరిగా పోటీలు నడిపే క్లబ్బులకీ, తీర్పరులకీ ఒక మాట. ఈ జబ్బు పెరగడంలో మీ పాలు పెద్దది. ఆగస్టు 19 వస్తే చాలు, ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవమని హాళ్లు అద్దెకు తీసుకుని అవే ఫోటోలు వేలాడదీస్తారు. ముడతల ముఖం, బోసినవ్వు, నలుపూ తెలుపూ, కింద 'ఆకలి' అనో 'బతుకు పోరు' అనో ఒక శీర్షిక. ఆమె ఆకలితో ఉందని మీకెవరు చెప్పారు? మార్కెట్లో కూర్చున్నామె నలుగురిని పోషిస్తోందేమో, కొడుక్కి ఇల్లు కట్టించిందేమో. అడిగితే కదా తెలిసేది! భారతీయ వీధిని రంగుల్లోనే చూడాలని జీవితమంతా పట్టుబట్టి, రంగుల్లోనే తీసిన రఘుబీర్ సింగ్ 1999లో పోయాడు. ఆయన పోయాక కూడా మనవాళ్లు పసుపు బంతిపూల కుప్పలోంచి రంగు పీకేసి దాన్ని లోతు అంటున్నారు.

ఇకనుంచి ప్రతి ఎంట్రీ ఫారంలో మూడు ప్రశ్నలు పెట్టండి. ఈ మనిషి పేరేమిటి? ఈ ఫోటో ఆ మనిషి చూశారా? ఇక్కడ వేలాడదీస్తున్నట్టు ఆ మనిషికి తెలుసా? జవాబు లేని ఫోటోని పక్కన పెట్టండి. ఎంత బాగున్నా సరే పక్కన పెట్టండి. ఒక్క ఏడాది ఇలా చేయండి, ఆటోల వెనక నక్కినవాళ్లంతా రోడ్డు దాటి ఇవతలికి వస్తారు.

కొత్తగా కెమెరా కొన్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నేను చెప్పేది ఒక్కటే. తీసిన ఫోటోని ఆ మనిషి చేతికే ఇచ్చి, "అమ్మా, ఇది మీదే" అని ఎదురుగా నిలబడి చెప్పగలరా? చెప్పగలిగితే తీయండి. చెప్పలేనిది ఎంత గొప్ప ఫ్రేమయినా వదిలెయ్యండి.